వైమానిక ఛాయాచిత్రంలో సర్వే స్తంభాన్ని పోల్చుకోవడం: పల్నాటి కొండల మీద ఒక అభ్యాసం

పల్నాడు జిల్లాలోని ఏ ప్రాంతాన్నైనా పై నుంచి తీసిన ఛాయాచిత్రాన్ని తెర మీద పెద్దది చేసి చూసే అభ్యాసకుడికి తెల్లని చుక్కలు, చిన్న చతురస్రాలు, సన్నని పొడవాటి నీడలు లెక్కకు మించి కనిపిస్తాయి. వాటిలో సర్వే స్తంభం ఏది, సెల్ టవర్ ఏది, పొలం గట్టున పేర్చిన నాపరాళ్ల కుప్ప ఏది, పిడుగురాళ్ల సున్నపు బట్టీ ఏది? ఈ ప్రశ్న దగ్గరే చాలామంది విసిగిపోయి, ఇది నిపుణులకు తప్ప ఇతరులకు సాధ్యం కాదని పక్కన పెడతారు. అయితే ఈ పనికి ఖరీదైన పరికరాలకన్నా ముందు కావలసింది ఒక సరైన వరుస: మొదట పటం, తరువాత నేల తీరు, ఆ తరువాత ఛాయాచిత్రం, చివరికి కాలినడక. ఈ వరుసను పాటించే వ్యక్తి భూగోళశాస్త్రం చదివే విద్యార్థి అయినా, గ్రామ సర్వేయరు అయినా, తన ఊరి చరిత్ర రాసుకుంటున్న ఉపాధ్యాయుడు అయినా, కొద్ది కాలపు సాధనతోనే నమ్మదగిన ఫలితానికి చేరుకోగలరు.

ఈ అధ్యాయమంతటికీ ఆధారమైన విషయం ఒకటే. సర్వే స్టేషన్ అన్నది దూరాన ఉన్న మరొక స్టేషన్‌ను చూడడం కోసం ఏర్పరచిన చోటు కాబట్టి, దానిని వెతికేవారు ఛాయాచిత్రంలోని చుక్కలను లెక్కపెట్టడానికి ముందు, ఆనాటి సర్వేయరు ఎక్కడ నిలబడితే ఎవరిని చూడగలిగి ఉండేవాడన్నది ఆలోచించాలి.

వెతికేది ఏమిటో ముందు తేల్చుకోవడం

దేశంలోని భూమిని శాస్త్రీయంగా కొలిచిన మహా త్రిభుజ సర్వే 1802 ఏప్రిల్ 10న మద్రాసు దగ్గరి సెయింట్ థామస్ మౌంట్ ప్రాంతంలో విలియం లాంబ్టన్ ఆధార రేఖ కొలత మొదలుపెట్టడంతో ఆరంభమైంది. ఒక్క భుజాన్ని నేల మీద గొలుసుతో కొలిచి, మిగిలిన భుజాలను కోణాల ద్వారా లెక్కకట్టి, త్రిభుజానికి త్రిభుజాన్ని చేర్చుకుంటూ దేశం పొడవునా సాగిపోయే ఈ పద్ధతిని త్రిభుజీకరణ అంటారు. కోణాలను కొలిచే పరికరం థియోడలైట్. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడలైట్ దాదాపు అర టన్ను బరువుండేది. 1808లో తంజావూరు ఆలయ గోపురం మీదికి ఎక్కిస్తుండగా అది గోడకు కొట్టుకుని దెబ్బతిన్నది. ఇంత భారమైన పరికరాన్ని గోపురాల మీదికి ఎందుకు ఎక్కించవలసి వచ్చింది? మైదానంలో చెట్లను, భూమి వంపును దాటి చూపు సాగాలంటే ఎత్తు తప్పనిసరి కాబట్టి.

ఆ ఎత్తు ఎంత కావాలో తెలిస్తే, పల్నాడులో ఏ రూపం కోసం వెతకాలో తెలుస్తుంది. చదునైన నేల మీద నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు స్థానాలు ఒకదానికొకటి కనిపించాలంటే, మధ్యలో అడ్డేమీ లేకపోయినా, రెండు వైపులా సుమారు 27 మీటర్ల ఎత్తు కావాలి. గంగా మైదానంలో, లాంబ్టన్ తరువాత ఈ సర్వేను నడిపిన జార్జ్ ఎవరెస్టు ఇటుకతో, రాతితో గోపురాలు కట్టించడానికి కారణం ఇదే. కలకత్తాకు ఉత్తరంగా బారక్‌పూర్ ట్రంకు రోడ్డు వెంట సుమారు 75 అడుగుల ఎత్తున్న అటువంటి గోపురాలు రెండు నేటికీ ఉన్నాయి. చుట్టుపక్కల నేలకన్నా 200 మీటర్లు ఎత్తైన కొండ మీద నిలబడిన మనిషికి మాత్రం గోపురం లేకుండానే యాభై కిలోమీటర్లకు పైగా చూపు ఆనుతుంది. కోటప్పకొండ, కొండవీడు, బెల్లంకొండ, వినుకొండ వంటి ఎత్తులున్న ప్రాంతంలో, పడమట నల్లమల వరుసలు మొదలయ్యే నేలలో, సర్వేయరుకు ప్రకృతే గోపురం కట్టిపెట్టింది. ఇదే ఎవరెస్టు అంతకుముందు 1819లో, లాంబ్టన్‌కు సహాయకుడిగా, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో త్రిభుజాలు కొలుస్తూ తన బృందంతో సహా జ్వరాల పాలైనప్పుడు కూడా వెతుక్కున్నది ఇటువంటి కొండ కొమ్ములనే.

కాబట్టి పల్నాడు ఛాయాచిత్రంలో ఆకాశాన్నంటే గోపురం కోసం వెతికితే నిరాశే మిగులుతుంది. ఇక్కడ వెతకవలసింది కొండ శిఖరం మీది చిన్న దిమ్మె. సాధారణంగా వృత్తం మధ్యలో చుక్క చెక్కిన రాయి, దాని మీద రాతి లేదా ఇటుక స్తంభం, దాని చుట్టూ పరిశీలకుడు నిలబడడానికి నాలుగైదు మీటర్ల వెడల్పున కట్టిన వేదిక, పని ముగిశాక రక్షణ కోసం పైన పేర్చిన రాళ్ల కుప్ప: పాత స్టేషన్ రూపం స్థూలంగా ఇది. కాలం గడిచాక స్తంభం విరిగిపోయి, వేదిక, కుప్ప మాత్రమే మిగిలిన చోట్లు ఎక్కువ.

ఇది గాక మరో మూడు రకాల గుర్తులు ఉన్నాయి. మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట పాతిన ట్రైజంక్షన్ రాళ్లు, 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ప్రకారం సర్వే నంబర్ల మూలల్లో నిలిపిన హద్దు రాళ్లు మొదటి రెండు రకాలు. మూడోది కొత్తది: 2020 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వే కోసం నెలకొల్పిన కోర్స్ కేంద్రం, అంటే ఉపగ్రహ సంకేతాలను ఎడతెగకుండా నమోదు చేస్తూ పొలంలోని రోవర్ పరికరానికి సవరణలు పంపే స్థిర కేంద్రం. దీని స్తంభం మీద గుండ్రని యాంటెన్నా ఉంటుంది. ఈ నాలుగింటినీ ఒకే పద్ధతిలో వెతకడం సాధ్యం కాదు. ఈ అధ్యాయం ప్రధానంగా కొండ మీది త్రిభుజ స్టేషన్ గురించే మాట్లాడుతుంది.

1. పటం విప్పకుండా ఛాయాచిత్రం తెరవకూడదు

తొలి అడుగు భారత సర్వే సంస్థ ప్రచురించిన 1:50,000 స్కేలు టోపోషీటు. 1767లో మొదలైన ఈ సంస్థ తన బహిరంగ శ్రేణి పటాలను 2017 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్నది. పటాన్ని ఎంచుకునేటప్పుడు పల్నాడు అభ్యాసకులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది: 80 డిగ్రీల తూర్పు రేఖాంశం నరసరావుపేట పట్టణానికి కాస్త పడమరగా వెళుతుంది. పాత సంఖ్యల పద్ధతిలో ఆ రేఖకు పడమర ఉన్న మాచర్ల, గురజాల, వినుకొండ 56 పి షీటులో, తూర్పున ఉన్న నరసరావుపేట 65 డి షీటులో పడతాయి. ఒకే జిల్లాలోని పని రెండు వేర్వేరు షీట్ల శ్రేణులను పక్కపక్కన పెట్టుకోవలసినదిగా మారడం మొదట తికమక పెట్టినా, రెండు షీట్ల అంచులను కలిపి అతికించుకుంటే ఇబ్బంది తీరుతుంది.

పటం మీద చూడవలసిన గుర్తు చిన్న త్రిభుజం, దాని పక్కన ఎత్తును తెలిపే అంకె. చుక్క పక్కన అంకె ఉంటే అది కేవలం ఎత్తు తెలిపే స్థానం, బి.ఎం. అన్న అక్షరాలు ఉంటే అది బెంచ్‌మార్క్, అంటే సముద్ర మట్టం నుంచి ఎత్తును కచ్చితంగా కొలిచి రాతి మీద చెక్కిన గుర్తు. ఈ మూడింటినీ కలగాపులగం చేయడం కొత్తవారు తరచు చేసే పొరపాటు. చుక్క ఉన్న చోట నేల మీద ఏ కట్టడమూ ఉండనవసరం లేదు కాబట్టి, దాని కోసం గంటల తరబడి ఛాయాచిత్రాన్ని గాలించడం వృథా శ్రమ అవుతుంది.

మరొక పొరపాటు దీనికన్నా ప్రమాదకరమైనది. పాత టోపోషీట్ల మీది అక్షాంశ రేఖాంశాలు ఎవరెస్టు పేరుతో పిలిచే భూమి నమూనా ఆధారంగా లెక్కకట్టినవి. ఫోన్లు, ఉపగ్రహ చిత్రాలు వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో నమూనా. పాత పటంలోని అంకెలను సవరించకుండా నేరుగా ఫోనులో పెడితే పల్నాడు ప్రాంతంలో స్థానం సుమారు రెండు వందల మీటర్ల మేర జరిగిపోతుంది. రెండు వందల మీటర్లంటే శిఖరానికి బదులు వాలు మీదికో, పక్క వాగులోకో పోవడమే. అక్కడ ఏమీ కనిపించక స్టేషన్ నాశనమైందని రాసుకుని వెనుదిరిగే అన్వేషకుడు ఎంత నష్టపోతాడో వేరే చెప్పాలా? కొత్త బహిరంగ శ్రేణి పటాలు డబ్ల్యూజీఎస్ 84 మీదనే తయారైనవి కాబట్టి, వీలైనంతవరకు వాటితో మొదలుపెట్టడం మంచిది.

2. కొండను సర్వేయరు కంటితో చూడాలి

పటంలో త్రిభుజం గుర్తు దొరికినా దొరకకపోయినా, ప్రతి కొండ దగ్గరా నాలుగు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు కావాలి. చుట్టూ ఉన్న ఎత్తుల్లో ఇదే పెద్దదా? ఇక్కడి నుంచి కనీసం రెండు మూడు దూరపు శిఖరాలు అడ్డు లేకుండా కనిపిస్తాయా? శిఖరం మీద పరికరం, మనుషులు నిలబడడానికి చాలినంత చదును ఉందా? సామాను మోసుకుని ఎక్కగల దారి ఒక్కటైనా ఉందా? వీటిలో రెండో ప్రశ్నకు సమాధానం కంప్యూటర్‌లోనే దొరుకుతుంది. భూమి ఎత్తుల నమూనాను ఉపయోగించి ఒక స్థానం నుంచి ఏయే ప్రాంతాలు కనిపిస్తాయో చూపే దృశ్య పరిధి పటాన్ని క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కొద్ది నిమిషాల్లో గీసి ఇస్తుంది.

ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. కారంపూడి పరిసరాల్లోని ఒక విద్యార్థికి ఛాయాచిత్రంలో రెండు చోట్ల రాళ్ల కుప్పలు కనిపించాయి. ఒకటి కొండ కొమ్మున, మరొకటి కొండ నడుము మీద ఉన్న విశాలమైన చదును మీద. రెండోది పెద్దదిగా, స్పష్టంగా ఉండడంతో అతని మనసు అటే మొగ్గుతుంది. దృశ్య పరిధి పటం గీసి చూస్తే, నడుము మీది చదును నుంచి ఉత్తరాన కృష్ణ వైపు మాత్రమే చూపు ఆనుతుందని, మిగిలిన మూడు వైపులా కొండే అడ్డం వస్తుందని తేలుతుంది. త్రిభుజానికి మూడు మూలలు కావాలి; ఒక్క దిక్కుకే తెరుచుకున్న చోటును ఏ సర్వేయరు ఎంచుకుంటాడు? అది గొర్రెల దొడ్డి పునాదో, పాత కోట గోడ శిథిలమో అయి ఉండే అవకాశం ఎక్కువ. చిన్నదిగా, అస్పష్టంగా ఉన్నా కొమ్మున ఉన్న కుప్పనే ముందుగా పరీక్షించాలి.

3. తగిన చిత్రం, తగిన కాలం

ఛాయాచిత్రంలోని అతి చిన్న గడిని పిక్సెల్ అంటారు. ఒక పిక్సెల్ నేల మీద ఎంత మేరను కప్పుతుందన్నది ఆ చిత్రం సామర్థ్యాన్ని నిర్ణయిస్తుంది. 2005లో ప్రయోగించిన కార్టోశాట్ 1 చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ రెండున్నర మీటర్లు కాబట్టి, మీటరు వెడల్పు స్తంభం అందులో కనిపించదు. వేదిక, దాని చుట్టూ చెట్లు లేని ఖాళీ కలిసి ఒకటి రెండు లేత గళ్లుగా మాత్రమే తోస్తాయి. అర మీటరు చిత్రంలో వేదిక ఆకారం తెలుస్తుంది. డ్రోను తీసిన, ఐదు సెంటీమీటర్ల పిక్సెల్ ఉన్న చిత్రంలో స్తంభం, దాని నీడ, చుట్టూ రాలిపడిన రాళ్లు సైతం విడివిడిగా లెక్కపెట్టవచ్చు. ఆ మేరకు ఆశ కూడా సర్దుకోవాలి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం నడిపే, 2009లో మొదలైన భువన్ వేదిక మీది చిత్రాలతో ఆరంభించి, అనుమానం కలిగిన చోట మాత్రమే మెరుగైన చిత్రాన్ని సంపాదించుకోవడం పొదుపైన మార్గం.

కాలం ఎంపికలో పల్నాడుకు తనదైన అనుకూలత ఉంది. మాచర్ల వైపు నల్లమల అంచు అడవులు ఆకురాల్చే జాతివి కావడం వల్ల ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కొండ కొమ్ములు బోసిగా ఉండి, రాతి కట్టడం బయటపడుతుంది; వానల తరువాత తీసిన చిత్రంలో అదే చోటు పచ్చటి కప్పు కింద మాయమవుతుంది. చిత్రం మీద తేదీ లేనప్పుడు కింది పొలాలను చూడాలి. ఎర్రటి దీర్ఘచతురస్రాలుగా మిరప కళ్లాలు పరుచుకుని ఉంటే అది కాయ కోసి ఎండబెట్టే రోజుల చిత్రమని, అంటే కొండ మీది ఆకు కూడా పలచబడిన కాలపు చిత్రమని పోల్చుకోవచ్చు.

పాత చిత్రాలను మరచిపోకూడదు. అమెరికా 1960 నుంచి 1972 వరకు తీసిన కొరోనా ఉపగ్రహ చిత్రాలు 1995లో బహిరంగమయ్యాయి. వాటిలో మేలైనవి దాదాపు రెండు మీటర్ల వివరాన్ని చూపగలవు. సున్నపురాయి కోసం కొండలను, గుట్టలను తవ్వేసిన పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల్లో నేటి చిత్రం గని గుంతను మాత్రమే చూపే చోట, ఆనాటి చిత్రం తవ్వకానికి ముందున్న శిఖరాన్ని చూపగలదు. నాగార్జునసాగర్ 1967లో ప్రారంభం కావడానికి ముందు నాటి లోయను, కాలువలు లేని మెట్ట నేలను చూడడానికీ ఇటువంటి చిత్రాలే దిక్కు.

4. నీడను కొలవడం నేర్చుకోవాలి

పై నుంచి చూసినప్పుడు నిటారు కట్టడం చుక్కగా కుదించుకుపోతుంది. దాని రూపం నేల మీద పరచుకునేది నీడలోనే. స్తంభం నీడ కురచగా, ఒకే మందంతో ఉంటుంది. కరెంటు టవర్ నీడలో వలలాంటి గళ్లు, అడ్డంగా చేతులు కనిపిస్తాయి. తాటిచెట్టు నీడ చివర గుండ్రని తల ఉంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నీడ సన్నని కాళ్ల మీద లావుపాటి గిన్నెలా పడుతుంది. ఈ ఒక్క పరిశీలనతోనే సగం అనుమానాలు తొలగిపోతాయి.

నీడ నుంచి ఎత్తు తెలుసుకోవడానికి నీడ పొడవును సూర్యుడి ఎత్తు కోణపు టాంజెంటుతో హెచ్చించాలి. నరసరావుపేట అక్షాంశం మీద డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు కాబట్టి పది మీటర్ల స్తంభానికి ఎనిమిది మీటర్లకు పైగా నీడ పడుతుంది; అదే రోజు ఉదయం పదిన్నర ప్రాంతంలో కోణం 45 డిగ్రీలకు దగ్గరగా ఉండి, నీడ దాదాపు కట్టడం ఎత్తుతో సమానమవుతుంది. అనేక పరిశీలక ఉపగ్రహాలు పదిన్నర ప్రాంతంలోనే ఈ నేల మీదుగా వెళతాయి గనుక, డిసెంబరు చిత్రం దొరికిన అభ్యాసకుడు అదృష్టవంతుడు; లెక్క లేకుండానే నీడే ఎత్తు అవుతుంది. జూన్ 21 మధ్యాహ్నపు చిత్రంలో పది మీటర్ల స్తంభానికి నీడ మీటరు పావు మించదు, పైగా అది దక్షిణం వైపు పడుతుంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఈ జిల్లాలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడన్న సంగతి తెలియనివారు, నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందనుకుని, గుంతను గుట్టగా, గుట్టను గుంతగా చదువుకుంటారు.

త్రికోణమితి అంటే జంకు ఉన్నవారు ఏం చేయాలి? అదే చిత్రంలో ఎత్తు తెలిసిన కట్టడాన్ని ఒకదాన్ని ఎంచుకోవాలి. ఊరి ట్యాంకు ఎత్తు పదిహేను మీటర్లని పంచాయతీ లెక్కల్లో ఉండి, చిత్రంలో దాని నీడ పన్నెండు మీటర్లు ఉంటే, ప్రతి మీటరు నీడకు మీటరు పావు ఎత్తు అని తేలుతుంది. రెండు మీటర్ల నీడ ఉన్న అనుమానిత దిమ్మె ఎత్తు రెండున్నర మీటర్లు. రెండూ చదును నేల మీద ఉన్నప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. వాలు మీద కిందికి పడిన నీడ సాగుతుంది, ఎగువకు పడినది కుంచించుకుపోతుంది.

5. మొదలును గుర్తించాలి, కొసను కాదు

కెమెరాకు సరిగ్గా కింద లేని ఎత్తైన వస్తువు చిత్రంలో మధ్య బిందువు నుంచి బయటికి వాలినట్లు కనిపిస్తుంది. దీనిని ఎత్తు వల్ల కలిగే స్థానభ్రంశం అంటారు. 150 మిల్లీమీటర్ల కటకంతో 1500 మీటర్ల ఎత్తు నుంచి తీసిన, 1:10,000 స్కేలు ఉన్న ఛాయాచిత్రంలో మధ్య నుంచి 80 మిల్లీమీటర్ల దూరాన ముప్పై మీటర్ల టవర్ ఉంటే, దాని కొస మొదలు నుంచి 1.6 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే నేల లెక్కలో పదహారు మీటర్లు. కొసను పట్టుకుని స్థానం రాసుకున్న అభ్యాసకుడు పదహారు మీటర్ల అవతల గుంత తవ్వుతాడన్నమాట. నేల ఎత్తుపల్లాలను సవరించి తయారుచేసిన ఆర్థోఫొటోలో కూడా టవర్ల కొసలు వాలే ఉంటాయి కాబట్టి, ప్రతిసారీ నీడ, కట్టడం కలిసే బిందువునే మొదలుగా తీసుకోవాలి.

ఈ వాలుకు ఒక ఉపయోగం కూడా ఉంది. అరవై శాతం ఒకదాని మీద ఒకటి కప్పుకునేలా వరుసగా తీసిన రెండు చిత్రాలను జంటగా స్టీరియోస్కోప్ కింద చూస్తే, రెండు చిత్రాల్లో రెండు తీర్లుగా వాలిన వస్తువు కంటికి నిలువుగా లేస్తుంది. నేల మీద వేసిన సున్నపు గుర్తు, బండ మీది తెల్ల మచ్చ లేవవు. అనుమానం తీరని చోట ఈ పరీక్షే చివరి మాట.

6. పల్నాడులో కంటిని మోసగించేవి

ప్రతి ప్రాంతానికీ తనవైన మోసాలు ఉంటాయి. వాటి జాబితా ముందే రాసుకున్నవారికి శ్రమ తగ్గుతుంది. కొండవీడు, బెల్లంకొండ వంటి చోట్ల కోట బురుజులు శిఖరాల మీదే ఉంటాయి, అవి కూడా గుండ్రని రాతి కట్టడాలే. అయితే బురుజుకు రెండు వైపులా గోడ ఆనవాలు సాగుతుంది, సర్వే వేదిక ఒంటరిగా ఉంటుంది. కొండ మీది గుడి ధ్వజస్తంభం నీడ అచ్చం స్తంభం నీడలాగే పడుతుంది, కాని దాని వరుసలో గర్భగుడి, మెట్ల దారి ఉంటాయి. అటవీ శాఖ కాపలా టవర్ శిఖరం మీద, నిప్పు రేఖల దగ్గర ఉంటుంది. దాని దాకా జీపు వెళ్లే దారి కనిపిస్తుంది. చేలలో పక్షులను తోలడానికి వేసే మంచె ఏడాదికొక చోటు మారుతుంది కాబట్టి రెండు వేర్వేరు సంవత్సరాల చిత్రాలను పోల్చితే చాలు. సున్నపు బట్టీల చుట్టూ నేలంతా తెల్లబారి ఉంటుంది, సిమెంటు కర్మాగారపు టవర్‌కు రైలు పట్టాలో, కన్వేయరు గీతలో తోడుంటాయి.

మహాశివరాత్రి రోజుల్లో కోటప్పకొండ పరిసరాలను తీసిన చిత్రమైతే, భక్తులు తరలించే ఎత్తైన ప్రభల నీడలు రోడ్ల మీద వరుసగా పడి, తేదీ చూసుకోని పరిశీలకుడిని తప్పక తబ్బిబ్బు చేస్తాయి.

రీసర్వే కాలపు డ్రోను చిత్రాల్లో రోడ్ల మీద, చదును నేలల మీద తెల్లని అడ్డగీతల గుర్తులు కనిపించవచ్చు. చిత్రాన్ని నేల కొలతలకు జతపరచడానికి ఎగిరే ముందు వేసే తాత్కాలిక నియంత్రణ గుర్తులవి. కింద శాశ్వత రాయి ఉందని వాటిని చూసి అనుకోకూడదు.

7. నమ్మకానికి మెట్లు పెట్టుకోవడం

ఛాయాచిత్రం మీద ఎంచిన ప్రతి స్థానానికీ మూడు స్థాయిల్లో ఒకదాన్ని రాసుకోవడం మంచి క్రమశిక్షణ. పటంలో త్రిభుజం గుర్తు, శిఖర స్థానం, వేదిక ఆకారం, నీడ నాలుగూ కలిస్తే దాదాపు ఖాయం. వాటిలో రెండు మూడు మాత్రమే కలిస్తే సంభావ్యం. ఒక్కటే ఉంటే అనుమానం. అనుమానాలన్నిటినీ ఖాయాలుగా ప్రకటించాలన్న తొందర సహజమే, కాని ఒక్క తప్పు స్థానం పటం మీదికి ఎక్కితే తరువాతి వారంతా దాన్నే నమ్ముతారు. మొదటి ప్రయత్నంలో పది చోట్లు ఎంచి రెండే నిజమైనా అభ్యాసకుడు చిన్నబుచ్చుకోనక్కరలేదు. మిగిలిన ఎనిమిది ఎందుకు తప్పాయో రాసుకున్న కాగితం తరువాతి కొండ దగ్గర ఎంతో విలువైనది.

ఇక్కడే రైతులకు సంబంధించిన ఒక హెచ్చరిక అవసరం. గురజాల ప్రాంతంలో గట్టు తగాదాలో ఉన్న ఒక రైతు, ఉపగ్రహ చిత్రంలో తన పొలం మూలన కనిపించిన తెల్ల చుక్కను సర్వే రాయిగా భావించి, దాని ఆధారంగా కంచె వేయబోయాడనుకుందాం. ఆ చుక్క రాయే అయినా, పైన చెప్పిన స్థానభ్రంశం, చిత్రాన్ని నేలకు జతపరచడంలో వచ్చే తేడా కలిస్తే కొన్ని మీటర్ల వరకు తప్పు రావచ్చు. గట్టు తగాదా సాధారణంగా గజం లోపల నడుస్తుంది. హద్దును నిర్ణయించేవి ఎఫ్.ఎం.బి. అని పిలిచే పొలం కొలతల పుస్తకంలోని అంకెలు, రీసర్వే పూర్తయిన గ్రామంలో భూకమత పటం, వాటి ప్రకారం సర్వేయరు నేల మీద చేసే కొలత. పాత కొలతలు 66 అడుగుల పొడవు, నూరు లింకులు ఉన్న గొలుసు లెక్కలో ఉంటాయని తెలిసిన రైతు, సర్వేయరు పక్కన నిలబడి ఆ అంకెలను తానే సరిచూసుకోగలడు. ఛాయాచిత్రం ఆ రోజు రాయిని ఎక్కడ వెతకాలో చూపితే చాలు.

8. కొండ ఎక్కే ముందు, ఎక్కిన తరువాత

మాచర్ల వైపు కొండల్లో కొంత భాగం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉన్నందున అటవీ శాఖ అనుమతి లేకుండా ఎక్కకూడదు. డ్రోను ఎగరేసేవారు 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం గగనతల పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి. ఆకుపచ్చ మండలంలో కూడా 400 అడుగుల పరిమితి వర్తిస్తుంది, ఆనకట్టల వంటి కీలక కట్టడాల దగ్గర విడిగా అనుమతి తప్పదు. ఊరిలో పెద్దలను, మేకల కాపరులను ముందుగా పలకరించడం ఏ చిత్రం కన్నా తక్కువ ఆధారం కాదు. కొండ కొమ్మున జెండా పాతేవారని గానీ, సర్వే వాళ్లు గుడారం వేసుకున్నారని గానీ ఎవరైనా చెబితే ఆ మాటను, చెప్పిన చోటుతో సహా రాసుకోవాలి.

శిఖరం మీద దిమ్మె దొరికితే రాళ్లను కదపకూడదు. కుప్ప కింద వృత్తం, చుక్క ఉన్న రాయి ఉందేమో చూడాలన్న ఆత్రం ఎంతటివారికైనా కలుగుతుంది. అయితే ఆ రాయి విలువ అది ఉన్న చోటులోనే ఉంది, అర అడుగు జరిగినా దాని మీద ఆధారపడిన కొలత పోయినట్లే. సర్వే గుర్తును తొలగించడం, చెరపడం నేరం కూడా. నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫొటోలు, పక్కన మీటరు కర్ర పెట్టి ఒకటి, చుట్టూ కనిపించే దూరపు కొండల పేర్లు, వాటి దిక్కులు, ఫోను చూపిన అక్షాంశ రేఖాంశాలు, ఏ భూమి నమూనాలో ఆ అంకెలు తీసుకున్నారో ఆ మాట, తేదీ: ఇవి నోటు పుస్తకంలో ఉంటే చాలు. ఆ కాగితానికి ఒక ప్రతిని నరసరావుపేటలోని జిల్లా సర్వే, భూరికార్డుల కార్యాలయానికి, మరొకటి హైదరాబాదు ఉప్పల్‌లోని భారత సర్వే సంస్థ కార్యాలయానికి పంపవచ్చు. కొండను తవ్వుతున్న గని అంచు దిమ్మెకు దగ్గరగా వచ్చిందని ఛాయాచిత్రంలో కనిపిస్తే, పాత చిత్రాన్ని, కొత్త చిత్రాన్ని ఒకే స్కేలులో పక్కపక్కన ముద్రించి, రెంటి మధ్య దూరాన్ని మీటర్లలో రాసి, ఆ ఉత్తరంతో పాటే జతచేయాలి.